ఆర్ట్స్ కాలేజీ ముందు ఒక విద్యార్థిని నిలబెట్టండి: ఉస్మానియా ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి,

మీ విశ్వవిద్యాలయంలో చరిత్రలో ఎంఏ చేసి, తర్వాత అమెరికాలో ఇంకో పీజీ చదువుతూ అక్కడి అడ్మిషన్స్ ఆఫీసులో స్టూడెంట్ గైడ్‌గా పనిచేసినదాన్ని. క్యాంపస్ చూడటానికి వచ్చేవాళ్లను వెంట తిప్పి చూపించడం, అడిగినదానికి జవాబు చెప్పడం ఆ ఉద్యోగం. గంటల లెక్కన జీతం ఇచ్చేవారు. అలాంటి ఉద్యోగాన్ని ఓయూలోనూ పెట్టమని, దాన్ని విద్యార్థులకే ఇవ్వమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ఒక్కరికే పంపవచ్చు. కానీ ఓయూ మాది అనుకునేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ, బయటా లక్షల్లో ఉన్నారు. వాళ్లు కూడా చదివి, సరేననో కాదనో చెప్పాలని బహిరంగంగా రాస్తున్నాను.

మన క్యాంపస్‌కు వచ్చేవాళ్లకు తక్కువ లేదు. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు, సెలవు రోజుల్లో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు, జిల్లాల నుంచి బస్సులు కట్టుకుని వచ్చే బడిపిల్లలు, పెళ్లి ఫొటోల కోసం వచ్చే జంటలు, పీజీ ప్రవేశాల సీపీగెట్ కౌన్సెలింగ్‌కు ముందు ఒకసారి చూసిపోదామని వచ్చే తండ్రీకూతుళ్లు. అందరూ ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగుతారు. తలెత్తి ఆ పెద్ద కమాను చూస్తారు, ఫొటో దిగుతారు. లోపలికి పోవచ్చో లేదో తెలియక కాసేపు తటపటాయించి వెళ్లిపోతారు. అప్పుడప్పుడు చరిత్ర అంటే ఇష్టం ఉన్నవాళ్లు వారసత్వ నడకలు పెడుతుంటారు, మంచిదే. కానీ అవి ముందే తెలిసినవాళ్లకు, నగరంలో ఉన్నవాళ్లకు అందుతాయి. దేవరకొండ నుంచో ఆదిలాబాద్ నుంచో ఒక్కరోజు పని మానుకుని వచ్చిన మనిషికి అందవు.

ఆ మనిషి నిలబడిన చోటు నుంచి కదలకుండానే చెప్పగలిగిన సంగతులు ఎన్నో ఉన్నాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇస్తే, 1919లో అబిడ్స్ దగ్గరి అద్దె ఇళ్లలో తరగతులు మొదలయ్యాయి. దేశంలో విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లిష్‌లో బోధిస్తున్న కాలంలో ఇక్కడ ఉర్దూలో చెప్పారు. భౌతికశాస్త్రం, గణితం, చరిత్ర, న్యాయశాస్త్రం అన్నీ. దానికి పుస్తకాలు కావాలి కాబట్టి ముందుగానే ఒక అనువాద సంస్థను పెట్టి, పండితులను పిలిపించి, పారిభాషిక పదాలు తయారు చేయించారు. ఇక భవనం సంగతి. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. వాళ్లు కైరోలో పనిచేస్తున్న బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను ఎంచుకున్నారు. 1934లో పునాదిరాయి పడింది. 1939 డిసెంబర్ 4న నిజాం ఆర్ట్స్ కాలేజీని ప్రారంభించాడు. ఆ గులాబీ రంగు రాయి మన దక్కన్ గ్రానైట్. ముందున్న కమాను ఇస్లామీ పద్ధతిది. లోపలికి నడిచి స్తంభాలను చూస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తుకొస్తాయి.

ఇవన్నీ గూగుల్‌లో దొరుకుతాయి కదా అనవచ్చు. దొరుకుతాయి. నేను ఆ పని చేసిన అనుభవంతో చెబుతున్నాను: చూడటానికి వచ్చినవాళ్లకు కావలసింది సమాచారం ఒక్కటే కాదు. అక్కడ రోజూ చదువుకునే మనిషి నోటి నుంచి వినాలని ఉంటుంది. ఈ మెట్ల మీద కూర్చుని పరీక్షకు చదివానని, ఈ గదిలో మా సార్ పాఠం చెబుతాడని, పక్కన క్యాంటీన్‌లో చాయ్ తాగి మళ్లీ లైబ్రరీకి పోతామని ఆ పిల్ల చెప్పినప్పుడు, వింటున్న పదహారేళ్ల పిల్లకు అది తనూ రాగలిగిన చోటులా కనబడుతుంది. ఫలకం మీద ఎన్ని వాక్యాలు చెక్కినా ఆ నమ్మకం పుట్టదు.

అమెరికాలో ఈ పని ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. అక్కడ దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలో స్టూడెంట్ గైడ్లు ఉంటారు. కొన్నిచోట్ల జీతం, కొన్నిచోట్ల స్వచ్ఛందం. విదేశీ విద్యార్థులకు చదువు రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేసే వీలుంది కాబట్టి మాలాంటి వాళ్లం కూడా చేరవచ్చు. మొదట పాత గైడ్ల వెనకాల తిరిగి విన్నాం. తర్వాత పాతవాళ్లు మా వెనకాల తిరిగి విన్నారు. ఆ తర్వాతే ఒంటరిగా పంపారు. చేతిలో పెట్టిన కాగితంలో తప్పు చెప్పకూడని అంకెలు, సంవత్సరాలు, ఫీజుల వివరాలు ఉండేవి. మిగతాదంతా మా మాటల్లో చెప్పుకోమన్నారు. బట్టీ పట్టి చెప్పేవాళ్లను వద్దనేవారు.

జనం ముఖాలు కనబడాలని వెనక్కి నడుస్తూ మాట్లాడటం అక్కడి అలవాటు. చూసేవాళ్లకు అదే పెద్ద విద్య అనిపిస్తుంది. అసలు విద్య అది కాదు. గుంపులో అందరికంటే వెనక, ఒక్క మాట మాట్లాడకుండా నడుస్తున్న మనిషిని కనిపెట్టడం అసలు విద్య. అడగాల్సిన ప్రశ్న ఆ మనిషి దగ్గరే ఉంటుంది. టూర్ అయిపోయి అందరూ చెదిరాక దగ్గరికి వచ్చి మెల్లగా అడుగుతారు. ఫీజు కట్టలేకపోతే ఏం చేస్తారు? రాత్రిపూట లైబ్రరీ నుంచి హాస్టల్‌కు ఒంటరిగా నడవవచ్చా? మా వాడికి మాట నత్తి, క్లాసులో ఎవరైనా ఏడిపిస్తారా? తెలిస్తే చెప్పాలి. తెలియకపోతే తెలియదని చెప్పి, ఎవరిని అడగాలో కనుక్కుని తర్వాత జవాబు పంపాలి. మాకు నేర్పిన నియమాల్లో నేను అన్నిటికంటే గౌరవించేది అదే.

ఎండాకాలంలో పిల్లలను చూడటానికి వచ్చే తెలుగు తల్లిదండ్రులను నాకు అప్పగించేవారు. వాళ్లు భవనాల గురించి అడగరు. ఒకసారి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మ అంతసేపూ మౌనంగా నడిచి, చివర్లో నా చెయ్యి పట్టుకుని, “బిడ్డా, పొద్దుగాల వీళ్లు ఏం తింటరు? జరమొస్తె ఎవలు చూస్తరు?” అని అడిగింది. హెల్త్ సెంటర్‌కు తీసుకుపోయి చూపించాను. ఎవరికి ఫోన్ చేయాలో, ఎంత సేపట్లో వస్తారో చెప్పాను. నాకు జ్వరం వచ్చినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పాను. ఆ చివరి మాటతో ఆమె ముఖం తేటపడింది. ఆ మాట ఏ అధికారీ చెప్పలేడు, అక్కడ జ్వరంతో పడుకున్న విద్యార్థి చెప్పాలి. అదే ప్రశ్న ఓయూ లేడీస్ హాస్టల్ ముందు నిలబడి అడగాలనుకునే తల్లులు మనకు వేలమంది ఉన్నారు.

ఇక్కడే కష్టమైన మాట ఒకటి చెప్పాలి. స్టూడెంట్ గైడ్‌ను పెట్టడమంటే సంస్థ గురించి సంస్థ మనిషి కాని మనిషి మాట్లాడటానికి ఒప్పుకోవడం. మంచి మాత్రమే చెప్పమని కాగితం రాసిచ్చి నిలబెడితే, రెండో నిమిషంలోనే వినేవాళ్లకు తెలిసిపోతుంది.

వర్జీనియా విశ్వవిద్యాలయం సంగతి ఈ విషయంలో మీరు తెలుసుకోవాలని కోరుతున్నాను. థామస్ జెఫర్సన్ 1819లో స్థాపించిన సంస్థ అది. దాని పాత భవనాల సముదాయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అక్కడ విద్యార్థులే నడుపుకునే గైడ్ల సంఘం ఒకటి ఏళ్ల తరబడి పనిచేస్తోంది. నేను సందర్శకురాలిగా వెళ్లి వాళ్లతో నడిచాను. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన మనిషి కట్టించిన ఆ భవనాల ఇటుకలు కాల్చింది, నేల చదును చేసింది, విద్యార్థులకు వండిపెట్టింది బానిసలని ఆ పిల్లలు సూటిగా చెప్పారు. అమెరికా అంతర్యుద్ధం ముగిసేలోపు నాలుగు వేల మంది వరకు అక్కడ బానిసలుగా పనిచేసి ఉంటారని అంచనా. వాళ్ల కోసం కట్టిన స్మారకం 2020లో పూర్తయింది. పేర్లు తెలిసినవాళ్లవి పేర్లు చెక్కారు, తెలియనివాళ్లకు రాతి మీద ఒక్కొక్క గీత చెక్కారు. పేర్ల కంటే గీతలే చాలా ఎక్కువ.

గైడ్లు ఇలా చెప్పడం పూర్వ విద్యార్థుల్లో ఒక వర్గానికి నచ్చలేదు. జెఫర్సన్‌ను తక్కువ చేస్తున్నారని ఫిర్యాదులు వెళ్లాయి. 2024లో విశ్వవిద్యాలయం ఆ సంఘం అధికారిక టూర్లను నిలిపివేసింది. హాజరు, నాణ్యత సరిగా లేకపోవడమే కారణమని యాజమాన్యం చెప్పింది. విద్యార్థులు మాత్రం అనధికారికంగా చరిత్ర టూర్లు కొనసాగించారు. ఎవరిది ఎంత న్యాయమో అక్కడివాళ్లు తేల్చుకుంటారు. నాకు అర్థమైంది ఒక్కటే: గైడ్ చెప్పే మాట ఒక పెద్ద సంస్థను కదిలించగలదు. అంత బరువున్న పని ఇరవై ఏళ్ల వాళ్ల చేతిలో పెట్టాలంటే శిక్షణ ఇవ్వాలి. శిక్షణ ఇచ్చాక నమ్మాలి.

మన క్యాంపస్‌లో చెప్పడానికి కష్టమైనవి ఏవో మీకు చెప్పనక్కరలేదు. అయినా ఒకచోట పెట్టి చూద్దాం. ఒక భారతీయ భాషను ఉన్నత విద్యకు మాధ్యమం చేసిన ధైర్యమూ, ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు, మరాఠీ, కన్నడలకు ఆ చోటు దక్కకపోవడమూ ఒకే నిర్ణయంలో ఉన్నాయి. రెండూ చెప్పాలి. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపారు. అనేకులు నాగ్‌పూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఈ గొప్ప భవనం తలుపులు తెరుచుకున్నాయి. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిష్ వచ్చింది. ఉర్దూలో చదివి, ఉర్దూలో పాఠం చెప్పిన ఒక తరానికి కాళ్ల కింది నేల కదిలింది. 1969లో ప్రత్యేక తెలంగాణ అంటూ విద్యార్థులు ఈ రోడ్ల మీదికి వచ్చారు. 1972 ఏప్రిల్ 14న విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని ఇక్కడే చంపారు. 2009 చివర్లో తెలంగాణ ఉద్యమం మళ్లీ లేచినప్పుడు ఇక్కడ లాఠీలు లేచాయి, బాష్పవాయువు గోళాలు పేలాయి. ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న పిల్లలూ ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, గౌరవంగా, అలాంటి చావును గొప్ప చేయకుండా మాట్లాడటం గైడ్‌కు ప్రత్యేకంగా నేర్పాలి.

రాజకీయాలు వస్తాయని మీ కార్యాలయంలో కొందరు భయపడతారు. ఒక సంఘం వాళ్లు గైడ్ అయితే ఒకలా, ఇంకో సంఘం వాళ్లు అయితే ఇంకోలా చెబుతారని అంటారు. ఆ భయంలో నిజం ఉంది, కొట్టిపారేయను. దానికి మందు మౌనం మాత్రం కాదు. చరిత్ర శాఖ అధ్యాపకులతో ఒక ఆధార పత్రం తయారు చేయించండి. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు ఏం కోరారు, ఎవరు కాదన్నారు, ఇప్పటికీ వాదన ఉన్నది ఎక్కడ అన్నవి అందులో ఉండాలి. జరిగింది గైడ్ చెబుతాడు. తీర్పు వినేవాళ్లకు వదిలేస్తాడు. రెండు పక్షాల వాళ్లూ ఒకే గుంపులో నడుస్తున్నప్పుడు కూడా నిలబడే మాట చెప్పడం నేర్చుకున్న విద్యార్థి, రేపు టీచర్ అయినా విలేకరి అయినా కలెక్టర్ అయినా మనకు పనికొస్తాడు.

కష్టమైనవే కాదు, గుండె నిండేవీ ఉన్నాయి. ఈ నేలలో కొంత భాగం ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరు. నర్తకి, నిజాముల దర్బారులో మాట చెల్లిన మహిళ, ఉర్దూలో గజళ్ల సంపుటి వెలువరించిన తొలి మహిళల్లో ఒకరు. 1824లో చనిపోయింది. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి ఇక్కడే ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగిన వందమందిలో ఎందరికి ఆమె పేరు తెలుసు? 1953లో అంబేద్కర్‌కు డాక్టరేట్ ఇచ్చి గౌరవించింది ఈ విశ్వవిద్యాలయం. ఆ సంగతి ఒక దళిత వాడ నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లవాడికి ఇదే ఆవరణలో నిలబడి చెప్పి చూడండి, వాడి నడక మారుతుంది. ఉర్దూ మాధ్యమంలో చదివిన సింగిరెడ్డి నారాయణరెడ్డి ఇక్కడే తెలుగు ఆచార్యుడయ్యాడు, 1988కి జ్ఞానపీఠం అందుకున్నాడు. లైబ్రరీలో తాళపత్రాలున్నాయి. వాటిని అద్దాల వెనక నుంచైనా చూపించగలిగితే, ఫోన్‌లో తప్ప అక్షరం చూడని పిల్లలు ఎంతసేపు నిలబడిపోతారో నేను ఊహించగలను.

రాయి కొట్టినవాళ్ల గురించి కూడా ఒక మాట. ఫర్మానా ఇచ్చిన నిజాం పేరు, నక్షా గీసిన జాస్పర్ పేరు మనకు తెలుసు. ఆ గ్రానైట్‌ను పగలగొట్టి, మోసి, చెక్కి, అయిదేళ్లు ఎండలో నిలబడిన కూలీల పేర్లు నేను ఏ ఫలకం మీదా చూడలేదు. చరిత్ర శాఖ విద్యార్థులు ఆ లెక్కల పుస్తకాల కోసం రాష్ట్ర పురాభిలేఖ భాండాగారంలో వెతకవచ్చు. వాళ్ల వారసులు ఈ నగరంలోనే ఎక్కడో ఉంటారు. గైడ్ల శిక్షణలో అది ఒక పనిగా పెడితే, శిక్షణ పరిశోధన కూడా అవుతుంది.

ఇక జీతం. దీని మీద నేను గట్టిగా పట్టుబడతాను. మన హాస్టళ్లలో ఉన్నవాళ్లలో చాలామంది ఇంటి నుంచి డబ్బు రానివాళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు, మెస్ బిల్లు పేరుకుపోయినప్పుడు వాళ్లు పెళ్లిళ్లలో క్యాటరింగ్‌కు పోతారు, రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ చేస్తారు, ట్యూషన్లు చెబుతారు. ఏ పనీ తక్కువది కాదు. కానీ రాత్రంతా బండి నడిపి పొద్దున క్లాసులో కునికే పిల్లవాడికి, అదే డబ్బు క్యాంపస్‌లోనే, పగటిపూట, తన చదువుకు దగ్గరైన పనిలో దొరికితే ఎంత మేలు! సర్టిఫికెట్ ఇస్తాం, స్వచ్ఛందంగా చేయమంటే కడుపు నిండినవాళ్లే వస్తారు. అప్పుడు పాలమూరు నుంచి, అచ్చంపేట చెంచు పెంటల నుంచి వచ్చిన పిల్లలు గైడ్లు కాలేరు. వాళ్ల గొంతు లేకపోతే ఈ ఏర్పాటుకు సగం అర్థం పోతుంది.

వేషభాషల దగ్గర కూడా పట్టింపు పెట్టవద్దు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లనే ఎంచుకోవాలన్న ఆలోచన మొదటి రోజే వస్తుంది, మొదటి రోజే దాన్ని పక్కన పెట్టండి. మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి తెలుగు కావాలి, అందులోనూ తమ ఇంటి తెలుగు కావాలి. పాతబస్తీ నుంచి వచ్చే కుటుంబానికి ఉర్దూ కావాలి. ఈ విశ్వవిద్యాలయాన్ని ఉర్దూలో చూపించగల విద్యార్థి ఒక్కరైనా ఎప్పుడూ ఉండాలి. గైడ్లలో సగం మంది అమ్మాయిలు ఉండాలి. కళ్లు కనబడని సందర్శకుడికి రాతిని చేత్తో తాకించి చెప్పగలగాలి, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు ఏ దారిన లోపలికి పోవచ్చో తెలిసి ఉండాలి. సందర్శకుల దగ్గర టికెట్ మాత్రం పెట్టకండి. ప్రజల విశ్వవిద్యాలయాన్ని చూడటానికి ప్రజలు డబ్బు కట్టకూడదు.

అధ్యాపకుల ఖాళీలు నిండలేదు, హాస్టళ్లు చాలడం లేదు, ఈ సమయంలో గైడ్లా అని అడిగేవాళ్లకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. ఆ ఖాళీలు నిండాలి, దాని కోసం మేమూ గొంతు కలుపుతాం. గైడ్లకు అయ్యే ఖర్చు వాటికి అడ్డం వచ్చేంతది కాదు. పైగా పూర్వ విద్యార్థులం ఉన్నాం. హైదరాబాద్‌లో, డల్లాస్‌లో, సిడ్నీలో, దుబాయ్‌లో ఉన్న ఓయూ వాళ్లకు ఒక విద్యార్థి ఏడాది జీతం భరించమంటే ఎందరో ముందుకొస్తారు. డబ్బు వచ్చే దారి, ఖర్చయ్యే దారి రెండూ అందరికీ కనబడేలా ఉంటే చాలు.

వచ్చే అడ్మిషన్లు మొదలయ్యేలోపు పదిమందితో, శని ఆదివారాల్లో, ఆర్ట్స్ కాలేజీ నుంచి లైబ్రరీ మీదుగా మెట్లబావి వరకు ఒక్క దారితో మొదలుపెట్టండి. కౌన్సెలింగ్ రోజుల్లో మాత్రం రోజంతా ఉంచండి. జామియా ఉస్మానియా స్టేషన్‌లో రైలు దిగి దారి వెతుక్కుంటూ వచ్చే తల్లిదండ్రులకు గైడ్ల అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. ఆరు నెలలు నడిచాక విద్యార్థులను, వచ్చినవాళ్లను ఇద్దరినీ అడిగి, సరిదిద్దాల్సినవి సరిదిద్దండి. మొదటి జట్టుకు శిక్షణ ఇవ్వడానికి నా సొంత ఖర్చులతో వచ్చి, అవసరమైనన్ని వారాలు ఉండి పనిచేస్తాను. మీ కార్యాలయం నుంచి ఒక్క కబురు వస్తే చాలు.

ఇట్లు,
మీ ఆర్ట్స్ కాలేజీ పూర్వ విద్యార్థిని